ఇసుకలో బండిని తేల్చేది టైరు పొడవు

[తెర మీద: ఎర్ర ఇసుకలో ఇరుసుల దాకా దిగబడిన టొయోటా ప్రాడో బండి. వెనక చక్రం తిరుగుతూ ఇసుక చిమ్ముతోంది.]

ఇక్కడ ఆపి చూడండి. చక్రం తిరుగుతోంది, బండి కదలడం లేదు, లోపలున్న అన్న ఇంకా గట్టిగా తొక్కుతున్నాడు. తొక్కేకొద్దీ ఆ చక్రం తన కింద గొయ్యి తనే తవ్వుకుంటోంది. ఇంకో పది సెకన్లు ఇలాగే తొక్కితే బండి పొట్ట ఇసుక మీద ఆనిపోతుంది, ఆ తర్వాత చక్రాలు ఎంత తిరిగినా లాభం లేదు.

అందరికీ నమస్కారం. చలికాలం మొదలైతే చాలు, దుబాయ్ నుంచి హత్తా వెళ్లే దారిలో బదాయర్ దగ్గర, ఇటు మలీహా వైపు ఫాసిల్ రాక్ దగ్గర, సెలవు రోజు వస్తే ఇదే చూస్తున్నాను. మనవాళ్లు చాలామంది బండ్లు కొనుక్కుని దిబ్బల్లోకి వస్తున్నారు, నాకు నిజంగా సంతోషంగా ఉంది. కానీ ఇరుక్కున్న ప్రతివాళ్లూ ఒకటే మాట అడుగుతారు: "ఫోర్ బై ఫోర్ వేశాం కదా అన్నా, ఇంత పెద్ద ఇంజన్ కదా, ఎందుకు పోలేదు?" టైర్లలో గాలి ఎంత ఉందని అడిగితే, "తీశాం అన్నా, 28కి తెచ్చాం." 28 అంటే 28 పీఎస్‌ఐ, టైరులో గాలి ఒత్తిడి. ఆ 28 గురించే ఈ వీడియో. ఫోర్ హై, ఫోర్ లో అంటే నాలుగు చక్రాలూ తిరిగేటప్పటి వేగం గేరు, నెమ్మది గేరు, అంతకు మించి అందులోకి నేను వెళ్లను.

గాలి తీయాలని అందరికీ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. ఎందుకు తీయాలో మాత్రం తప్పుగా చెబుతున్నారు. "గాలి తీస్తే టైరు వెడల్పవుతుంది" అంటారు. లేదండీ! వెడల్పు పెరిగేది చాలా తక్కువ. టైరు నేలకు ఆనే భాగం లోపల ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి, అవి అడ్డంగా సాగవు. పక్క గోడలు ఉబ్బుతాయి, మనకు చూడ్డానికి టైరు లావైనట్టు కనిపిస్తుంది, కానీ ఆ ఉబ్బిన భాగం గట్టి నేల మీద ఆనదు. నిజంగా పెరిగేది పొడవు. ముందు నుంచి వెనక్కి, టైరు నేల మీద పరుచుకునే పొడవు.

[తెర మీద: రెండు టైరు అచ్చులు పక్కపక్కన. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది.]

చిన్న లెక్క చూద్దాం. బండి 2400 కిలోలు అనుకోండి, ఒక్కో చక్రం మీద 600 కిలోలు. రోడ్డు మీద ఉంచే 35 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు రెండున్నర కిలోలు. టైరు 20 సెంటీమీటర్ల వెడల్పుతో ఆనుతోందంటే, పొడవు 12 సెంటీమీటర్లు వస్తుంది. అంతే, అరచేతి కంటే కొంచెం పెద్దది, దాని మీద 600 కిలోలు! అదే 15 పీఎస్‌ఐకి తెస్తే 28 సెంటీమీటర్లు. ఇది కాగితం మీద లెక్క, అసలు టైరులో పక్క గోడ కూడా కొంత బరువు మోస్తుంది కాబట్టి అంత రాదు, అయినా రెట్టింపుకు దగ్గరగా వస్తుంది. 28 పీఎస్‌ఐ దగ్గర ఎంత వస్తుంది? 15 సెంటీమీటర్లు. 12కీ 15కీ ఇసుకకు ఏం తేడా తెలుస్తుంది చెప్పండి?

ఈ పొడవు ఎందుకు అంత ముఖ్యం అంటే, మన తీరంలో జాలర్ల తెప్పను గుర్తు తెచ్చుకోండి, ఉప్పాడ దగ్గరో విశాఖ దగ్గరో చూసే ఉంటారు. నాలుగు పొడవాటి దుంగలు కట్టి సముద్రంలోకి దించుతారు. అది నీళ్లను తోసుకుంటూ పోదు, మీద పరుచుకుని జారుతూ పోతుంది. అదే ఒక పీపాను నీళ్లలో ముందుకు నెట్టి చూడండి, ఎదురుగా నీళ్లు గోడలా లేస్తాయి, నెట్టేకొద్దీ అడ్డుపడతాయి. గాలి నిండుగా ఉన్న టైరు ఆ పీపా. గుండ్రంగా, గట్టిగా దిగబడి, తన ముందు ఇసుకను కుప్పగా తోస్తుంది, ఆ కుప్ప మీదికి ఎక్కాలని ప్రతి క్షణం పోరాడుతుంది. మీ ఇంజన్ బలం అంతా దిబ్బ ఎక్కడానికి పోవడం లేదు, టైరు తన ముందు తనే పోసుకున్న కుప్పను ఎక్కడానికి పోతోంది. గాలి తీసిన టైరు తెప్ప. ముందు కుప్ప లేవదు, బండి తేలుతుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన చిట్కా కాదు. 1920ల చివర్లో, 30ల్లో బాగ్నోల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి ఫోర్డ్ కార్లు వేసుకుని ఈజిప్టు, లిబియా ఎడారులు దాటాడు. ఆయన వాడినవి ఫోర్ బై ఫోర్‌లు కావు, వెనక చక్రాలు మాత్రమే తిరిగే బండ్లు. టైర్లలో గాలి తగ్గించాడు, దిగబడితే చక్రాల కింద పెట్టడానికి ఉక్కు పట్టీలు మోసుకెళ్లాడు, రేడియేటర్ నుంచి మరిగి పోయే నీళ్లు మళ్లీ పట్టుకోవడానికి పక్కన డబ్బా కట్టాడు. 1940లో లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అనే దళం పెట్టిందీ ఆయనే. టూ వీల్ డ్రైవ్‌తో ఆయన దాటిన ఇసుక చూశాక "ఇంజన్ చాలలేదు" అన్న మాట నేను ఒప్పుకోను.

సరే, ఎంతకు తేవాలి? బదాయర్‌లో మామూలు బండికి 15తో మొదలుపెట్టండి. బండి నిండా మనుషులు, సామాను ఉంటే 16, 17. లివా వైపు, రబ్ అల్ ఖాలీ ఎడారి అంచుల్లో ఇసుక మెత్తగా ఉంటుంది, అక్కడ 12 దాకా దిగుతారు. 10 కిందికి మాత్రం మామూలు రిమ్ములతో వెళ్లొద్దు. రిమ్ముకు టైరును పట్టి ఉంచేది లోపలి గాలే కదా, మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడి వచ్చేస్తుంది, ఇక్కడ పాప్ అవుట్ అంటారు. ఇరుక్కుపోయినప్పుడు బయటపడటానికి కాసేపు 10కి తీయొచ్చు, కానీ స్టీరింగ్ నిటారుగా పెట్టి మెల్లగా రావాలి.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. హైవే మీద గంట నడిపి వచ్చి వెంటనే గాలి తీస్తే ఆ టైరు వేడిగా ఉంటుంది. లోపలి గాలి 60 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు 15 పెట్టారనుకోండి, అది 25 డిగ్రీలకు చల్లారేసరికి దాదాపు 12 అవుతుంది. మీరేమో 15 అనుకుని మలుపులు కొడతారు. టీ తాగి, కాసేపాగి, ఇంకోసారి గేజ్ పెట్టి చూసుకోండి. గేజ్ కూడా మంచిది కొనండి, పంక్చర్ షాపులో చూసే పెద్ద గేజ్‌తో 15 దగ్గర సరిగ్గా చదవడం కష్టం.

[తెర మీద: 285/60 ఆర్ 18, 285/50 ఆర్ 20 టైర్లు]

ఇప్పుడు టైరు కొనేవాళ్ల సంగతి. తెప్ప కావాలంటే టైరు వంగాలి, వంగాలంటే పక్క గోడకు ఎత్తు ఉండాలి. పాత ల్యాండ్ క్రూజర్‌కు రెండు సైజులూ వచ్చాయి. 285/60 అంటే వెడల్పు 285 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో 60 శాతం. ఆ సైజు, 18 అంగుళాల రిమ్ము అయితే గోడ ఎత్తు 171 మిల్లీమీటర్లు. 285/50, 20 అంగుళాలు అయితే 142. దాదాపు మూడు సెంటీమీటర్లు తక్కువ. 20 అంగుళాల రిమ్ము షోరూంలో చాలా బాగుంటుంది, ఇసుకలో మాత్రం 18 అంగుళాల వాళ్లు మీ ముందు నుంచి హాయిగా వెళ్లిపోతారు. పెద్ద పెద్ద గళ్లున్న మడ్ టైర్ల మీద అంత ఖర్చు పెట్టడం చూస్తే నాకు బాధేస్తుంది. ఆ గళ్లు బురదను చిమ్మడానికి చేసినవి, ఇసుకను తవ్వుతాయి. అన్ని దారులకూ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ టైరు చాలు, ఇసుక ఒక్కటే అయితే మామూలు హైవే టైరు కూడా బాగానే తేలుతుంది. బరువు బండ్ల కోసం వచ్చే మందపాటి గోడల టైర్లు రాళ్ల దారికి మంచివే, కానీ అవి 15 దగ్గర కూడా గట్టిగానే నిలబడతాయి, ఇంకా దించాలి.

టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2423 అని ఉంటే 2023లో 24వ వారం తయారైంది. గళ్లు ఎంత కొత్తగా కనిపించినా ఐదేళ్లు దాటిన టైరును నేను ఎడారికి తీసుకెళ్లను. ఈ ఎండకు రబ్బరు గట్టిపడుతుంది, గాలి తీసి వంచితే పక్క గోడ మీద సన్నటి పగుళ్లు తేలతాయి. టెంపరేచర్ అని రాసి పక్కన ఏ, బీ, సీ ఉంటుంది, వేడిని బాగా తట్టుకునేది ఏ, గల్ఫ్‌లో ఏ మాత్రమే కొనండి.

నడపడం గురించి రెండు మాటలు చెప్పకపోతే పై కథంతా వృథా. తెప్పకు బ్రేకు ఉండదు. ఇసుకలో మీరూ బ్రేకు మర్చిపోండి. బ్రేకు కొడితే ముందు చక్రాల ఎదుట కుప్ప లేస్తుంది, మళ్లీ బయల్దేరేటప్పుడు దాన్నే ఎక్కాలి. కాలు తీసేస్తే ఇసుకే ఆపుతుంది. ఆపేటప్పుడు ముక్కు పల్లానికి ఉండాలి. ఇక తెప్పను అలకు అడ్డంగా పెట్టిన జాలరిని ఎక్కడైనా చూశారా? ఎదురుగానే పెడతాడు, అడ్డం తిరిగితే బోల్తా. దిబ్బ వాలు మీద అడ్డంగా పోతున్నప్పుడు బండి కిందికి జారుతోందనిపిస్తే స్టీరింగ్ వెంటనే పల్లం వైపు తిప్పండి, భయంతో పైకి తిప్పారంటే పల్టీలు కొట్టేస్తుంది. పైన క్యారియర్ మీద జెర్రీ క్యాన్లు, రెండో స్టెప్నీ కట్టేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, ఆ బరువంతా లోపల కింద పెట్టుకోండి. దిబ్బకు గాలి వీచే వైపు గట్టిగా ఉంటుంది, ఎక్కడం అటు నుంచి. ఇక్కడ షమాల్ అనే గాలి వాయవ్యం నుంచి వీస్తుంది కాబట్టి సాధారణంగా రెండో వైపు మెత్తగా, నిటారుగా ఉంటుంది, దిగేటప్పుడు తిన్నగా దిగాలి.

టైం అయిపోతోంది, మెయింటెనెన్స్ గబగబా చెప్పేస్తాను. తిరిగొచ్చాక ఎయిర్ ఫిల్టర్ తీయండి. కాగితం ఫిల్టర్‌ను కడగొద్దు, తట్టి దులిపి, లోపలి నుంచి బయటకు తక్కువ ప్రెషర్‌తో గాలి కొట్టండి, చిరుగు కనిపిస్తే మార్చేయండి. రేడియేటర్ రెక్కల్లో ఇసుక పేరుకుంటుంది, ఇంజన్ వైపు నుంచి మెల్లగా నీళ్లు పెట్టి బయటకు పంపండి, కారు కడిగే ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగిపోతాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ ఇసుకలో విపరీతంగా వేడెక్కుతుంది, నెమ్మదిగా పోయే చోట ఫోర్ లో వాడితే ఆ వేడి తగ్గుతుంది, ఆయిల్ కూడా పుస్తకంలో రాసిన దానికంటే ముందే మార్పించండి. బ్రేకుల్లోంచి కీచుమని శబ్దం వస్తే డిస్కుకూ వెనక రేకుకూ మధ్య ఇసుక ఉందేమో చూపించండి. టైరు వాల్వుకు మూత లేకుండా ఇసుకలోకి రావొద్దు.

ఇరుక్కున్న బండిని లాగేటప్పుడు తాడు ఎక్కడ తగిలిస్తున్నారో రెండుసార్లు చూసుకోండి. ట్రైలర్ తగిలించే బంతికి ఎప్పుడూ తగిలించొద్దు. అది విరిగి ఎగిరివస్తే ప్రాణం పోతుంది, ఇది చాలా దేశాల్లో జరిగింది. బండిని లాగడానికి కంపెనీ ఇచ్చిన కొక్కేనికే, అంటే రికవరీ పాయింటుకే, అదీ చుట్టూ ఉన్నవాళ్లందరూ దూరంగా వెళ్లాకే. సబ్ఖా కనిపిస్తే, అంటే పైన తెల్లటి ఉప్పు పొర, కింద బురద ఉండే చదును నేల, తిరిగి వెళ్లిపోండి. అక్కడ ఏ టైరూ తేలదు.

చివరిగా, తారు రోడ్డు ఎక్కే ముందు గాలి మళ్లీ 35కి నింపండి. 15తో వంద కిలోమీటర్ల వేగంతో పోతే పక్క గోడ ప్రతి చుట్టులో వంగి వంగి వేడెక్కి పేలిపోతుంది. పెట్రోల్ బంకు దగ్గరే ఉంది కదా అని కూడా పోవద్దు. కంప్రెసర్‌ను సిగరెట్ సాకెట్‌కు కాకుండా నేరుగా బ్యాటరీకి తగిలించండి, ఇంజన్ ఆన్‌లో ఉంచండి, మధ్యలో దాన్ని చల్లారనివ్వండి. ఏ కంప్రెసర్ కొనాలో వచ్చే వీడియోలో చెబుతాను, ఈలోగా మీ బండి ఏది, రిమ్ము సైజు ఎంత, ఎంత గాలితో నడుపుతున్నారో కింద రాయండి.