మిరుగం పడ్డంక కుండీ మారుద్దాం

చెల్లె: అందరికీ నమస్తే. ఇయ్యాల హన్మకొండల మా ఇంటి బాల్కనీల కూసొని మాట్లాడుతున్నం. కింద పాత పేపర్లు పరిచినం, పక్కన మట్టి బస్తా, కత్తెర, నీళ్ల మగ్గు ఉన్నయి. నాతోని అక్క ఉన్నది. కాజీపేట దిక్కు 18 ఏండ్ల సంది నర్సరీ నడుపుతున్నది. నా మొదటి మొక్క అక్క దగ్గర కొన్నదే. నమస్తే అక్కా.

అక్క: నమస్తే చెల్లె. రాత్రి వాన మంచిగ పడ్డది కదా, మొక్కలన్నీ తేటగున్నయి.

చెల్లె: ఆ వాన కోసమే రెండు నెలలు ఆగినం. ఇగో ఈ పీస్ లిల్లీ, మూడేండ్ల సంది గిదే కుండీల ఉన్నది. ఏప్రిల్‌ల పొద్దున నీళ్లు పోస్తే సాయంత్రానికే ఆకులన్నీ వాలిపోయినయి. భయమై నీకు ఫోన్ చేసి, కుండీ మారుస్తా అన్న. నువ్వు అస్సలు వద్దన్నవు.

అక్క: ఆ మాట ఎండాకాలం మొత్తం ఎంతమందికి చెప్తనో. వీడియోలల్ల 'వసంతంల మార్చాలె' అంటరు. మంచు పడే దేశాలల్ల అది కరెక్టే. ఆడ మార్చి, ఏప్రిల్ అంటే చలి పోయి చిగురేసే టైం. మనకు మార్చి దాటితే ఎండ ముదురుతది. మే వచ్చేసరికి వరంగల్‌ల 43, 44 డిగ్రీలు. రోహిణి కార్తెల రోళ్లు పగుల్తయంటరు కదా, అసుంటి ఎండల వేరును కదిలిస్తే అది ఎట్ల తట్టుకుంటది?

చెల్లె: కదిలిస్తే వేరుకు ఏమైతది?

అక్క: వేరు కొసల దగ్గర కంటికి సరిగ్గ ఆనని సన్నటి నూగు ఉంటది. నీళ్లు ఎక్కువ గుంజేది ఆ నూగే. ఎంత పైలంగ తీసినా కుండీ మార్చేటప్పుడు అది కొంత తెగుతది. మళ్ల మొలిచేదాక మొక్క సరిగ్గ తాగలేదు. ఆకులు మాత్రం వడగాలికి నీళ్లు వదుల్తనే ఉంటయి. తాగుడు తక్కువ, పోవుడు ఎక్కువ. అందుకే మిరుగం, అంటే మృగశిర కార్తె పడాలె, రెండు మూడు మంచి వానలు పడి వేడి దిగాలె అంట. చేన్ల పత్తి గింజ పెట్టే రోజులే మనకు కుండీలు మార్చే రోజులు. జూన్ ఆఖరు నుంచి ఆగస్టు దాక గాలిల తడి ఉంటది, వేరు తొందరగ అంటుకుంటది.

చెల్లె: ఆగస్టు కూడ దాటిపోతే?

అక్క: ఫిబ్రవరిల చెయ్యొచ్చు, చలి విరిగి ఎండ ముదరకముందు. డిసెంబర్, జనవరిల మొక్క పెరుగుడే తక్కువ, గప్పుడు వద్దు. కని వేరు కుళ్లిన వాసనొస్తే మాత్రం ఏ కార్తె చూడొద్దు, ఆ రోజే తియ్యాలె.

చెల్లె: సరే, తీద్దామా? నిన్న సాయంత్రమే నీళ్లు పోసి పెట్టిన, నువ్వు చెప్పినట్టే.

అక్క: మంచిది. తడి మీద మట్టి ముద్ద విడిపోకుంట వస్తది, వేరు కూడ మెత్తగుంటది. కుండీని పక్కకు వంచు. చుట్టూ అరచేత్తోని తట్టు.

[కుండీ మీద తట్టిన చప్పుడు]

అక్క: మొక్కను పట్టి గుంజొద్దు. మొక్క మొదలు కాడ చెయ్యి ఆనించి కుండీని ఎనుకకు జరుపు. ఆ... వచ్చింది.

చెల్లె: అయ్యో అక్కా! మట్టే కనిపిస్తలేదు. మొత్తం వేర్లే, కుండీ ఆకారంల చాపలెక్క అల్లుకున్నయి.

అక్క: నీ లిల్లీ రోజూ ఎందుకు వాలిందో ఇప్పుడు అర్థమైందా? నీళ్లను పట్టి ఉంచే మట్టి లేదు. పోసిన నీళ్లు పోసినట్టే కింద నుంచి పోతున్నయి. నీళ్లు వెంటనే కారిపోవుడు, రోజు తిరగకుంటనే ఆకు వాలుడు, కింది రంధ్రాల నుంచి వేర్లు బయటికి వచ్చుడు, ఇవి చూస్తే చాలు. స్నేక్ ప్లాంటైతే ప్లాస్టిక్ కుండీనే ఉబ్బిస్తది, ఒక్కోసారి పగలగొడ్తది కూడ. ఏండ్లు లెక్కపెట్టి మార్చేది కాదు చెల్లె. అనుమానమొస్తే మెల్లగ తీసి వేరు చూడు. మట్టి ఇంక కనిపిస్తుంటే మళ్ల అట్లనే పెట్టెయ్.

చెల్లె: ఈ వేర్లను ఏం చెయ్యాలె?

అక్క: గుండ్రంగ తిరిగినయాటిని వేళ్లతోని విప్పు. కొన్ని తెగుతయి, పర్వాలేదు. విప్పకపోతే కొత్త మట్టిలకు పోవు, అండ్లనే తిరుగుతయి. తెల్లగ, గట్టిగ ఉన్నది మంచి వేరు. గోధుమ రంగుల మెత్తగ జారేది కుళ్లిన వేరు, దాన్ని కత్తిరించు.

చెల్లె: ఇగ కొత్త కుండీ. నేను పెద్దది తెచ్చిన, 14 అంగుళాలది. మళ్ల మళ్ల మార్చే పని ఉండదని.

అక్క: పాతది ఎనిమిది ఉన్నది కదా. పది చాలు. పెద్దది ఇచ్చి ప్రేమ చూపెడ్తున్నం అనుకుంటరు, మొక్కలు ఎక్కువ పొయ్యేది దానితోనే. వేరు అందుకోలేని మట్టిల తడి అట్లనే నిలబడ్తది. గాలి ఆడదు, వేరు కుళ్తది.

చెల్లె: నా మనీ ప్లాంట్ అట్లనే పోయింది. మా అమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న కొమ్మ అది. బకెట్టంత కుండీల పెట్టిన, నెలల ఆకులు పసుపైనయి. నీళ్లు సరిపోతలేవనుకొని ఇంకింత పోసిన. ఇప్పటికీ బాధైతది.

అక్క: ఆ తప్పు చానమంది చేస్తరు. ఎండిన మొక్కా వాలుతది, కుళ్లిన మొక్కా వాలుతది. మట్టిల వేలు రెండు అంగుళాలు దింపి చూసినంకనే నీళ్లు ముట్టుకోవాలె.

చెల్లె: అడుగున కంకర పోద్దామా? నీళ్లు దిగుతయని మా ఇంట్ల అందరు పోస్తరు.

అక్క: వద్దు. గిన్నెలు తోమే స్పాంజిని తడిపి పట్టుకో. కొన్ని నీళ్లు కారి ఆగుతయి, కింది భాగంల మాత్రం తడి నిలుస్తది. దాన్ని కంకర మీద పెడితే ఆ నీళ్లు దిగుతయా? దిగయి. కుండీల మట్టి కూడ అంతే. కంకర పోస్తే ఆ తడి వేరుకు ఇంకింత దగ్గరికొస్తది, వేరుకు జాగ తగ్గుతది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క బోర్లిస్తే చాలు, మట్టి జారిపోదు.

చెల్లె: మట్టి నువ్వే కలిపి తెచ్చినవు, అండ్ల ఏమున్నయి?

అక్క: రెండు పాళ్లు ఎర్ర చెల్క మట్టి, ఒక పాలు వానపాముల ఎరువు, ఒక పాలు కోకోపీట్ అనే కొబ్బరి పొట్టు, ఒక పాలు రైస్ మిల్లు కాడ దొరికే మాడిన ఊక. నల్లగ గింజ ఆకారం మిగిలిన ఊకే కావాలె. తెల్లగ బూడిదైంది వద్దు, అది మట్టిల క్షారం పెంచుతది. ఊకను ఒకసారి కడిగి ఆరబెట్టిన. నల్లరేగడి మట్టుకు కుండీలకు తేవద్దు. తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. పత్తికి బంగారం అది, కుండీల వేరుకు ఊపిరాడదు.

చెల్లె: నర్సరీల కొన్న మొక్కలు కూడ గట్టి మట్టిముద్దలనే వస్తయి కదా?

అక్క: అవును. దూరం నుంచి లారీలల్ల వచ్చేటివి, రాజమండ్రి కాడి కడియం దిక్కువి, ముద్ద విడిపోవద్దని అట్ల కడ్తరు. కొనంగనే మార్చకు. పది పదిహేను రోజులు నీ ఇంటి వెలుతురుకు అలవాటు కానియ్. ఆ తర్వాత ముద్దను నీళ్లల్ల నానబెట్టి, మెల్లగ కరిగించి మార్చు.

[మట్టి పోస్తున్న చప్పుడు]

అక్క: మొక్క మొదలు పాత కుండీల ఎంత లోతుకు ఉండెనో అంతే ఉండాలె, ఎక్కువ పూడ్చొద్దు. పైన ఒక అంగుళం వదులు, నీళ్లు నిలిచి ఇంకుతయి. పిడికిలితోని దిమ్మిస లెక్క కొట్టకు, కుండీని రెండుసార్లు నేలకు తడితే మట్టే కూసుంటది.

చెల్లె: మరి మా మేడ మీద పెద్ద కుండీల ఉన్న మొక్కలు? వాటిని నేను లేపలేను.

అక్క: లేపకు. పైన రెండు అంగుళాల మట్టి గీకి తీసి కొత్తది పొయ్యి. బోరు నీళ్లకు తెల్లగ పట్టిన ఉప్పు పొర కూడ దాంతోనే పోతది.

చెల్లె: ఇప్పుడు నీళ్లు?

అక్క: కింద నుంచి కారేదాక పొయ్యి. ప్లేటుల నిలిచినయి పారబొయ్యి. పది రోజులు నీడల, వెలుతురు తగిలే జాగల పెట్టు. రెండు మూడు ఆకులు వాలుతయి, పసుపైతయి, గాబరపడి మళ్ల మళ్ల పొయ్యకు. నెల దాక విడిగ ఎరువు వెయ్యకు, తెగిన వేర్లు కాలుతయి.

చెల్లె: ఆ లోపటి కిటికీ దగ్గర పెడ్తున్న అక్కా. కొత్త ఆకు రాంగనే నీకు ఫొటో పంపుత.

అక్క: పంపు. ఆ 14 అంగుళాల కుండీ నాకియ్యి, మా నర్సరీల మందారానికి సరిపోతది.