గుమ్మిడిపూండిలో గొలుసు కుట్టు

ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. కుట్లు అల్లికల గురించి మాట్లాడమన్నారు. తీరా చూస్తే ఆహ్వానంలో 'దేవుని మీద నమ్మకం' అని కూడా వేశారు. మొదటిదైతే నాకు బాగా వచ్చు.

చెన్నై సెంట్రల్‌లో లోకల్ ట్రైన్ ఎక్కి సూళ్లూరుపేట వైపు పోతే గుమ్మిడిపూండి. అక్కడ శ్రీలంక తమిళుల క్యాంపు ఉంది. 1983 అల్లర్లప్పుడు కొందరు, 1990లో యుద్ధం మళ్లీ మొదలయ్యాక ఇంకొందరు పడవలెక్కి మన తీరానికొచ్చారు. 'శరణార్థుల శిబిరం' అనే పేరును 2021లో తమిళనాడు ప్రభుత్వం 'పునరావాస శిబిరం'గా మార్చింది. మంచిదే. కానీ ఇక్కడే పుట్టిన పిల్లల్లో కూడా చాలామందికి పౌరసత్వం లేదు.

పర్మిషన్ తీసుకుని వారానికోసారి వెళ్తాను. మొదటిరోజు గొలుసు కుట్టు నేర్పాను. దారాన్ని బొటనవేలితో పక్కకు నొక్కిపట్టి, సూది పైకొచ్చిన చోటే మళ్లీ దించి, ఉచ్చులోంచి పైకి లాగాలి. గట్టిగా లాగితే గుడ్డ ముడుచుకుపోతుంది. ఒక అక్కను "అర్థమైందా?" అంటే "ఓం" అంది. భక్తురాలు కాబోలనుకున్నా! వాళ్ల తమిళంలో 'అవును'ని 'ఓం' అంటారట.

ఎనిమిదేళ్ల వయసులో పడవలో వచ్చిన మనిషి ఆ అక్క. చెయ్యి మాత్రం నాకంటే నీటు.

ఒకసారి ఒక షాపు నుంచి ఇరవై నాలుగు దిండు గలీబులకు ఆర్డర్ వచ్చింది. చెన్నై ప్యారిస్ కార్నర్ బజార్లో చవగ్గా దొరికాయని ఎర్రదారం లచ్చీలు తెచ్చింది నేనే. రంగు దిగుతుందేమో తడిపి చూడలేదు. ఉతికేసరికి మీగడరంగు గుడ్డంతా గులాబీ మరకలు. షాపువాళ్లు తీసుకోలేదు. ఆ తప్పు పూర్తిగా నాది.

కూలి సగమే ఇవ్వగలిగాను. ఇచ్చి, మనందరికీ అలవాటైన మాట అన్నాను: "దేవుడు చూసుకుంటాడక్కా."

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అంది: "ఓం. చూస్తూనే ఉన్నాడు."

ఎత్తిపొడుపో, విశ్వాసమో నాకు ఇప్పటికీ తెలీదు. ఆ రాత్రి ట్రైన్‌లో బైబిల్లో అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం తీశాను. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోము నుంచి వెళ్లగొడితే అకుల, ప్రిస్కిల్ల కొరింథు చేరారు. అంటే వాళ్లూ శరణార్థులే, చేతిలో ఉన్నది డేరాలు కుట్టే పని. పౌలు వాళ్లింట్లో దిగి, వాళ్లతో కలిసి అదే పని చేశాడు. 'దేవుడు చూసుకుంటాడు' అని చెప్పినట్టు అక్కడ రాసి లేదు. చెప్పే ఉండొచ్చు, కానీ సూది పట్టుకుని కూర్చుని చెప్పి ఉంటాడు.

మిగతా సగం కూలి రెండు నెలల్లో తీర్చాను. ఆ మాట ఇప్పుడు వాళ్లతో అనను. ఇంకో ముప్ఫై ఏళ్లు ఓపిక పట్టమని చెప్పడానికి నేనెవర్ని? నాకు నేను చెప్పుకుంటాను, అదీ టెన్షన్‌తో నిద్రపట్టనప్పుడు.

ఈ గురువారం మళ్లీ ప్యారిస్ వెళ్లాలి. కొత్త ఆర్డర్ వచ్చింది, మళ్లీ ఎర్రదారమే. బ్యాగులో తడి తెల్లగుడ్డ ముక్క పెట్టుకున్నాను. లచ్చీ మీద రుద్ది చూశాకే డబ్బులిస్తాను.