నోడు డిస్కు పాడైతే: పాత కాపీతో జాగ్రత్త

శ్రోతలకు నమస్కారం.

బిట్‌కాయిన్లను ఎక్స్ఛేంజీ చేతిలో పెట్టకుండా, ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ మీద సొంత నోడు, అంటే బిట్‌కాయిన్ లెక్కను స్వయంగా సరిచూసుకునే ప్రోగ్రాము, నడుపుకునేవారి కోసం ఈ ప్రసంగం. రేపో మాపో నడుపుదామనుకునేవారూ వినండి. నోడు రాత్రీ పగలూ డిస్కు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. ఆ ఒత్తిడికి మెమరీ కార్డయినా, ఎస్‌ఎస్‌డీ అయినా ఏదో ఒక రోజు మొరాయిస్తుంది. నోడు లేవదు, డబ్బు పంపడానికీ అందుకోవడానికీ వాడే వాలెట్ తెరుచుకోదు, గుండె ఝల్లుమంటుంది. డిస్కు చెడినంత మాత్రాన డబ్బు పోదు. చెడిన మొదటి గంటలో కంగారుపడి చేసే పనితో మాత్రం నిజంగానే పోవచ్చు. ముఖ్యంగా, ఎప్పుడో దాచిన పాత కాపీని తీసి నడిపించడంతో.

ముందుగా, డబ్బు ఎక్కడుందో చూద్దాం. బిట్‌కాయిన్ ఏ డిస్కులోనూ ఉండదు. ఏ చిరునామాకు ఎంత చేరింది, అక్కడి నుంచి ఎటు వెళ్లింది అన్న లెక్కంతా బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఖాతా పుస్తకంలో ఉంటుంది. ప్రపంచమంతటా వేల నోడులు ఆ లెక్కను దాచుకుంటాయి. మీ డిస్కులో ఉన్నదీ దాని నకలే. 600 గిగాబైట్లు దాటిన ఆ నకలు మొత్తం తుడిచిపెట్టుకుపోయినా విచారించనక్కర్లేదు, కొత్త డిస్కులోకి మళ్లీ దించుకోవచ్చు. తిరిగి దొరకనిది ప్రైవేట్ కీ, అంటే ఆ డబ్బును ఖర్చు చేయనిచ్చే రహస్య సంఖ్య. వేల్స్‌లోని న్యూపోర్ట్ నగరంలో 2013లో చెత్తకుప్పకు చేరిన హార్డ్ డిస్కు గురించి మీలో చాలామంది వినే ఉంటారు. జేమ్స్ హోవెల్స్ అనే ఆయనకు చెందిన సుమారు 8,000 బిట్‌కాయిన్ల కీ అందులో ఉంది. తవ్వుకోనివ్వమని ఆయన ఏళ్ల తరబడి నగర పాలక సంస్థ వెంట పడ్డారు. 2025 జనవరిలో హైకోర్టు ఆయన దావాను కొట్టివేసింది. ఆ బిట్‌కాయిన్లు మట్టిలో లేవు, బ్లాక్‌చెయిన్‌లోనే ఉన్నాయి. మట్టిలో ఉన్నది కీ.

ఈ కీని మనుషులు రాసుకోగలిగే రూపంలోకి మార్చినవే రికవరీ పదాలు. 2,048 పదాల జాబితా నుంచి తీసిన పన్నెండు లేదా ఇరవై నాలుగు పదాలు. అవి కాగితం మీద క్షేమంగా ఉంటే సగం దిగులు తీరినట్టే. అయితే ఆ పదాలు ఏ సాఫ్ట్‌వేర్ ఇచ్చిందో కూడా గుర్తుండాలి. బిట్‌కాయిన్ చెల్లింపులను వేగంగా జరిపే లైట్నింగ్ నెట్‌వర్క్ నోడులలో ఎక్కువగా వాడే ఎల్ఎన్‌డీ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చే ఇరవై నాలుగు పదాలు చూడటానికి మామూలు వాటిలాగే ఉంటాయి కానీ పద్ధతి వేరు. వాటిని చాలా ఇతర వాలెట్లలో టైపు చేస్తే, పదాలు తప్పన్న సందేశం వస్తుంది. అది చూసి చాలామంది ఆశ వదులుకుంటారు. పదాలు సరైనవే, చోటే సరైనది కాదు. ఒక్కోసారి వాలెట్ తెరుచుకున్నా నిల్వ సున్నా చూపిస్తుంది. చాలా వాలెట్లు వరుసగా ఇరవై వాడని చిరునామాలు తగిలితే వెతకడం ఆపేస్తాయి. వెతికే హద్దు పెంచాలి, చిరునామాల రకం మార్చి చూడాలి. పదాలతో పాటు అదనపు రహస్య పదం పెట్టుకున్నవారైతే అది అక్షరం పొల్లుపోకుండా ఇవ్వాలి. అది తప్పయినా వాలెట్ తప్పని చెప్పదు, మరో ఖాళీ వాలెట్ తెరిచి చూపిస్తుంది.

బిట్‌కాయిన్ కోర్ అనే నోడు ప్రోగ్రాములోని వాలెట్ వాడేవారికి ఈ పదాల సౌకర్యం లేదు, వాలెట్ ఫైలే ఆధారం. ఇక్కడా పాత కాపీ చిక్కు ఉంది. వాలెట్‌కు పాస్‌వర్డ్ పెట్టినప్పుడు కోర్ కొత్త కీలు పుట్టిస్తుంది. అంతకుముందు తీసుకున్న కాపీలో ఆ కీలు ఉండవు. పాస్‌వర్డ్ పెట్టాక మళ్లీ కాపీ తీసుకోవాలని దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు ప్రమాదం లైట్నింగ్ చానెళ్లలో. కొంచెం నిదానంగా చెబుతాను.

లైట్నింగ్ చానెల్ అంటే ఇద్దరి మధ్య నడిచే ప్రోనోటు లాంటిది. చెల్లింపు జరిగినప్పుడల్లా ఇద్దరూ కొత్త పత్రం మీద సంతకాలు చేసి, పాత పత్రం ఇక చెల్లదని ఒప్పుకుంటారు. చెల్లని పత్రాన్ని ఎవరైనా బయటపెడితే శిక్షించేందుకు కావలసిన రహస్యాన్ని కూడా ఇచ్చిపుచ్చుకుంటారు. ఈ పత్రాలు బ్లాక్‌చెయిన్‌లో ఉండవు, ఇద్దరి డిస్కుల్లోనే ఉంటాయి. మీ డిస్కు పోయింది. నెల క్రితం తీసిపెట్టిన చానెల్ డేటాబేసు కాపీ ఉంది కదా అని దానితో నోడు లేపారనుకోండి. మీ నోడుకు నెల క్రితం పత్రమే తాజాది. దాన్ని నెట్‌వర్క్‌కు ప్రకటించి చానెల్ మూసిందంటే, అవతలి నోడు దాన్ని మోసంగానే లెక్కగడుతుంది. మీరు కావాలని చేయలేదని దానికి తెలిసే దారి లేదు. చానెల్‌లోని మీ వాటా మొత్తం అవతలివారికి పోతుంది. ఆ శిక్షకు గడువు మామూలుగా ఒక రోజు నుంచి రెండు వారాలు. వారి నోడు ఆగి ఉన్నా, వారి తరఫున కాపలా కాసే మరో కంప్యూటర్ ఆ పని చేసేయగలదు. కాబట్టి పాత డేటాబేసు కాపీ ఉండటం కన్నా ఏమీ లేకపోవడమే మేలని నేను గట్టిగా చెబుతాను.

మరి దారేమిటి? చానెల్ డాట్ బ్యాకప్ అనే చిన్న ఫైలును ఎల్ఎన్‌డీ తయారుచేస్తుంది. అందులో చానెల్ డేటాబేసు ఉండదు. ఎవరితో చానెల్ ఉంది, వారిని ఎలా చేరుకోవాలి అన్న వివరాలు ముఖ్యంగా ఉంటాయి. చానెల్ తెరిచినప్పుడు, మూసినప్పుడు అది మారుతుంది. కొత్త నోడులో రికవరీ పదాలు ఇచ్చి ఆ ఫైలును అందిస్తే, అది ఒక్కొక్క భాగస్వామినీ పలకరించి, తన దగ్గర తాజా పత్రం లేదని ఒప్పుకొని, చానెల్ మూయమని అడుగుతుంది. అవతలి నోడు తన దగ్గరున్న తాజా పత్రంతో మూస్తుంది. మీ వాటా మీ వాలెట్‌కు చేరుతుంది. చానెళ్లన్నీ పోతాయి, రుసుములు ఖర్చవుతాయి, కానీ అసలు దక్కుతుంది. అవతలి నోడు చాలాకాలంగా కనిపించకపోతే మాత్రం ఓపిక పట్టాలి, వారిని వెతికి పట్టుకోవాలి. ఇలా మూయించడం మొదలుపెట్టాక పాత డిస్కు ఎలాగో బతికినా, ఆ నోడును మళ్లీ నడపకండి.

ఇంత దూరం రాకముందే డిస్కును పరీక్షించాలి. కరెంటు సరిగా అందించని అడాప్టరు, వదులైన యూఎస్‌బీ కేబులు, డిస్కు పెట్టిన డబ్బా కూడా ఇలాంటి లక్షణాలే చూపిస్తాయి. వాటిని మార్చి చూడండి. డిస్కే చెడిందని తేలితే దాని మీద ఏమీ రాయకండి. ఫైల్ సిస్టమ్‌ను బాగుచేసే ఆదేశాలు కూడా రాతలే. డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము బాగున్న భాగాలను ముందు చదివి, మొండికేసే చోట్లకు తర్వాత వస్తుంది. దానితో పూర్తి నకలు తీసి, ఆ నకలు మీదే ప్రయోగాలు చేయండి. హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమంటుంటే వెంటనే ఆపి నిపుణులకు ఇవ్వండి. వారి చేతికి కీలు వెళ్లాయంటే, డబ్బు దొరికిన వెంటనే కొత్త కీల వాలెట్‌కు మార్చేయండి. డేటాబేసు చెడకుండా, ఆగిన క్షణం వరకూ ఉన్నదంతా దక్కితే చానెళ్లు కూడా నిలుస్తాయి. కొంచెం అనుమానం ఉన్నా బ్యాకప్ ఫైలు దారే పట్టండి.

ఎథీరియం అనే మరో క్రిప్టో నెట్‌వర్క్‌లో 32 ఈథర్ (దాని నాణెం) పణంగా పెట్టి, లావాదేవీలను ధ్రువీకరించే వ్యాలిడేటర్‌ను ఇంట్లో నడిపేవారికీ ఇదే వర్తిస్తుంది. నోడు కొన్నాళ్లు ఆగితే పడే కోత చిన్నది. పాత యంత్రం పనిచేస్తుండగానే అవే కీలతో మరొకటి లేపి, రెండూ సంతకాలు చేస్తే పడే శిక్ష అంతకన్నా పెద్దది, పైగా వ్యాలిడేటర్‌ను బయటికి పంపేస్తారు.

సహాయం కోసం నలుగురినీ అడిగినప్పుడు, పోయిన క్రిప్టో తెచ్చిస్తామంటూ మోసగాళ్లు తప్పక వస్తారు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే. రికవరీ పదాలు అడిగినవారు ఎవరైనా సరే, ఎంత మర్యాదగా అడిగినా సరే, మాట అక్కడే ఆపేయండి. సాయం చేసేవారికి ఆ పదాలు అవసరం లేదు.

నోడు చక్కగా నడుస్తున్నవారు ఈ రోజే ఒక పని చేయండి. చానెల్ బ్యాకప్ ఫైలు మారినప్పుడల్లా, నోడు ఉన్న యంత్రం కాకుండా మరో చోటికి దానంతటదే కాపీ అయ్యేలా అమర్చండి. ఆ ఫైలు గుప్తీకరించి ఉంటుంది, మీ రికవరీ పదాలు లేనివారు దాన్ని చదవలేరు. పదాలను మాత్రం దాని పక్కన పెట్టకండి, కాగితం మీదే ఉంచండి. చెడిన డిస్కును చివరి చానెల్ డబ్బు మీ వాలెట్‌లో కనిపించేవరకు పారేయకండి. కనిపించాక మాత్రం పగలగొట్టాకే పారేయండి, దానిలో మీ కీలు ఇంకా ఉంటాయి.

నమస్కారం.