మేడారంలో తప్పిపోతే దొరుకుతారు, బడిలో తప్పిపోతే దొరకరు!

నమస్తే అందరికీ. సూటిగా విషయంలోకి వస్తా. మేడారం జాతర జనసముద్రంలో తప్పిపోయిన పిల్లను వెతికి, మైకులో పేరు పిలిచి, తల్లి చేతిలో పెట్టే ప్రభుత్వం మనది. అదే పిల్ల దసరా సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చి మళ్లీ వెళ్లలేదనుకోండి, ఆరు నెలలైనా అడిగే నాథుడు ఉండడు. ఈ మాట తప్పని ఎవరైనా అంటే రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

హాస్టళ్ల గొడవ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకచోట ఫుడ్ పాయిజన్, ఇంకోచోట ఒక బిడ్డకు జరగరానిది జరుగుతుంది. మూడు రోజులు టీవీలో చర్చ, ఒక వార్డెన్ సస్పెన్షన్, చివర్లో "అన్ని శాఖలూ సమన్వయంతో పనిచేయాలి" అని ఒక ఆదేశం. ఆ ఆదేశం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎవరు ఎవరితో సమన్వయం చేసుకోవాలి? ముందు ఫోన్ చేయాల్సింది ఎవరు? అది మాత్రం ఎవరూ చెప్పరు.

ఒక పిల్లను ఊహించుకోండి. మహబూబాబాద్ వైపు తండా. తొమ్మిదో తరగతి. దసరాకు ఇంటికొచ్చింది, అప్పుడే పత్తి ఏరుడు మొదలైంది. "నాలుగు రోజులు ఆగి పో బిడ్డా" అంది తల్లి. పత్తి అయ్యేసరికి మిరప తోటలో పని. ఈలోపు ఎవరో సంబంధం తెచ్చారు.

ఇప్పుడు చూడండి ఎవరికి ఏం తెలుసో. వార్డెన్‌కు పిల్ల రాలేదని తెలుసు. రెండుసార్లు ఫోన్ చేసింది, స్విచాఫ్ వచ్చింది, రిజిస్టర్‌లో ఆబ్సెంట్ వేసి ఊరుకుంది. ఆశా వర్కర్‌కు పిల్ల ఇంటి దగ్గరే ఉందని తెలుసు, రక్తం తక్కువుందని ఐరన్ మాత్రలు కూడా ఇచ్చింది. సంబంధం సంగతి అంగన్‌వాడీ టీచర్ చెవిన పడింది. పోలీస్ స్టేషన్‌లో చట్టం ప్రకారం పిల్లల వ్యవహారాలు చూసే అధికారి ఒకరున్నారు, ఆయనకు ఏమీ తెలియదు. ఎందుకంటే ఎవరూ చెప్పలేదు. ఇక బడి వాళ్లు ఏం చేస్తారో తెలుసా? దేశంలోని బడిపిల్లల లెక్కలు రాసే యూడైస్ వెబ్‌సైట్ తెరిచి పిల్లను "డ్రాప్ బాక్స్"లోకి పంపిస్తారు. నిజంగానే దాని పేరు అదే! బడి మానేసి ఇంకెక్కడా చేరని పిల్లలందరూ అందులో ఉంటారు. ఒక క్లిక్, అయిపోయింది. ఆ క్లిక్ పడ్డ రోజు అంగన్‌వాడీ టీచర్ ఫోన్ మోగుతుందా? మోగదు. ఆమె యాప్ వేరు, ఆమె శాఖ వేరు.

పది మందిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అన్నారా?

సరే, శాఖలు ఎన్నో లెక్కపెట్టండి. ఎస్సీ గురుకులాలకు ఒక సొసైటీ, ఎస్టీలకు ఒకటి, బీసీలకు ఒకటి, మైనారిటీలకు ఇంకొకటి. కేజీబీవీలు, అంటే ఆడపిల్లల కస్తూర్బా బడులు, విద్యాశాఖ కింద. అంగన్‌వాడీ మహిళా శిశు సంక్షేమం, ఆశా వైద్య ఆరోగ్యం, స్టేషన్ హోం శాఖ. ఊరి స్థాయిలో బాలల పరిరక్షణ కమిటీ కూడా ఉంది, దానికి సర్పంచే చైర్మన్. బాగానే ఉంది. కానీ 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబర్ దాకా తెలంగాణలో సర్పంచులే లేరు కదా! దాదాపు రెండేళ్లు చైర్మన్ లేని కమిటీ.

ఇంకో తమాషా చెప్తా, ఇది మన ఓరుగల్లు స్పెషల్. ఇంట్లో అలిగి రైలెక్కిన పిల్లాడు కాజీపేటలో దిగితే హనుమకొండ జిల్లా. ఇంకాసేపు సీట్లో కూర్చుని వరంగల్ స్టేషన్‌లో దిగితే వరంగల్ జిల్లా. కలెక్టర్ మారతారు, బాలల సంక్షేమ కమిటీ మారుతుంది. పోలీస్ కమిషనర్ మాత్రం రెండు జిల్లాలకూ ఒక్కరే! 2016లో మొదలుపెట్టి పాత వరంగల్ జిల్లాను ఆరు ముక్కలు చేశారు. పిల్లాడు దొరికితే 24 గంటల్లో ఆ సంక్షేమ కమిటీ ముందు పెట్టాలని చట్టం. ఏ కమిటీ అన్నది పిల్లాడు ఏ ప్లాట్‌ఫాం మీద దిగాడన్న దాన్ని బట్టి.

ఇప్పుడు నా థియరీ వినండి. ఫోటో ఉన్నచోటే సమన్వయం ఉంటుంది. ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే కల్యాణలక్ష్మి చూడండి. 1,00,116 రూపాయల చెక్కు కోసం ఆన్‌లైన్ దరఖాస్తు, వయసు రుజువు, తహసీల్దార్ పరిశీలన, ఎమ్మెల్యే సంతకం, అన్నీ ఒక ఫైలు మీద వరుసగా నడుస్తాయి. ఎందుకు నడుస్తాయి? చివర్లో చెక్కు పట్టుకుని ఫోటో ఉంటుంది కాబట్టి. మన తండా పిల్ల పెళ్లి ఆపితే ఏం ఫోటో వస్తుంది? ఊరంతా తిట్టుకుంటుంది, అంతే. జాతరలోనూ అంతే, రాష్ట్రమంతా చూస్తుంటుంది. కాబట్టే అక్కడ ఒక క్యాంపు, ఒక మైకు ఉంటాయి, పిల్ల దొరికితే ఎక్కడికి తీసుకుపోవాలో అందరికీ తెలుసు.

ఇదేదో మన దగ్గరే అనుకోకండి. 2000లో లండన్‌లో విక్టోరియా క్లింబీ అనే ఎనిమిదేళ్ల పాప ఇంట్లోవాళ్లు పెట్టిన హింసకు చనిపోయింది. పోలీసులకు, ఆస్పత్రులకు, సంక్షేమ శాఖకు అందరికీ ఆ పాప తెలుసు! కాపాడే అవకాశం కనీసం 12 సార్లు చేజారిందని 2003లో లార్డ్ లామింగ్ విచారణ తేల్చింది. ఆ మరుసటి ఏడాదే అక్కడ చట్టం మార్చి, శాఖలు కలిసి పనిచేయడాన్ని బాధ్యత చేశారు. స్కాట్లాండ్ ఇంకో అడుగు వేసి ప్రతి పిల్లకూ ఒక బాధ్యుడిని పెడతామని 2014లో చట్టం చేసింది. కుటుంబాల సమాచారం అలా పంచుకోవడం కుదరదని 2016లో బ్రిటన్ సుప్రీంకోర్టు అడ్డం పడింది, 2019లో వదిలేశారు. "చూశావా, వాళ్లే వదిలేశారు" అంటారు నాతో వాదించేవాళ్లు. అయ్యా, వాళ్ల భయం సర్కారు ఇంట్లోకి దూరుతుందని. మన తండాలో సర్కారు గడప దాకా రావడమే గగనం!

నేను అడిగేది చిన్నది. పిల్ల పది రోజులు రాకపోతే ఒక్క పేరు, ఒక్క ఫోన్ నంబర్. హెడ్మాస్టరే కావచ్చు, అంగన్‌వాడీ టీచరే కావచ్చు. వాళ్లు పిలిస్తే ఎస్సై, ఏఎన్ఎం, వార్డెన్ మూడు రోజుల్లో వచ్చి కూర్చోవాలి, రాకపోతే రాతపూర్వకంగా జవాబు చెప్పాలి. వాట్సాప్ గ్రూప్‌లో "నోటెడ్ సర్" అని రెండు దండాల బొమ్మలు పెట్టడం జవాబు కాదు. ఆ గ్రూపులు చూశాను నేను. పొద్దున శుభోదయం, సాయంత్రం మీటింగ్ ఫోటో, మధ్యలో ఒక తల్లి గోడు, దాని కింద ఎవరూ ఏమీ రాయరు.

మీరు ఒక పని చేయండి. మీ మండల విద్యాధికారి ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు (ఆర్టీఐ) పెట్టండి. మండల స్థాయికి ఫీజు ఐదు రూపాయలే, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పిల్లల పేర్లు అడగొద్దు. మీ మండలం నుంచి డ్రాప్ బాక్స్‌లో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమంది ఇంటికి మనిషి వెళ్లి వచ్చాడు, ఆ రెండు అంకెలే అడగండి. వచ్చిన కాగితం నాకు పంపండి, మండలం పేరుతో సహా ఇక్కడే చదువుతా.