పిల్లలకు యాంటీబయోటిక్ సిరప్: చీటీ చేతికి వచ్చాక ఇంట్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

(తెరపై: మందుల చీటీ, పక్కనే పొడి ఉన్న సిరప్ సీసా)

నమస్కారం. హైదరాబాదులో వానలు మొదలయ్యాక బస్తీ దవాఖానాల నుంచి నీలోఫర్ ఆసుపత్రి వరకు జ్వరంతో వచ్చే పిల్లలు ఎక్కువవుతారు. జలుబు, మామూలు దగ్గు, డెంగీ మూడూ వైరస్‌ల వల్ల వస్తాయి. చిన్నపిల్లల నీళ్ల విరేచనాలు కూడా చాలావరకు అంతే. యాంటీబయోటిక్ బాక్టీరియా మీదే పనిచేస్తుంది, వీటి మీద పనిచేయదు. టైఫాయిడ్, మూత్రంలో ఇన్ఫెక్షన్, బాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా అలా కాదు. వాటికి సరైన యాంటీబయోటిక్ సకాలంలో పడితే బిడ్డ ప్రాణం నిలుస్తుంది. ఏ జ్వరం ఏ కోవకు చెందినదో తేల్చవలసింది వైద్యులే గనుక, మెడికల్ షాపులో లక్షణాలు చెప్పి మందు అడగవద్దు. మందు పెట్టె మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే వైద్యుల చీటీ లేకుండా దాన్ని వాడరాదని అర్థం. పిల్లలకు తరచుగా రాసే సెఫిక్సిమ్ వంటి మందులు 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన మందుల జాబితా కిందికి వచ్చాయి. వాటిని ఎవరికి, ఎంత అమ్మారో దుకాణదారు ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయాలి.

(తెరపై: బరువు తూచే యంత్రంపై పాప)

పిల్లల డోసు వయసును బట్టి కాక, ముఖ్యంగా బరువును బట్టి నిర్ణయమవుతుంది. కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్క వేసి, దాన్ని మిల్లీలీటర్లలోకి మార్చి వైద్యులు చీటీ రాస్తారు. అందువల్ల నిరుటి చీటీ గానీ, అన్నకు రాసిన చీటీ గానీ తమ్ముడికి పనికిరాదు. రద్దీలో బరువు చూడడం మరచిపోతే, "డాక్టరుగారూ, బాబు బరువు ఒకసారి చూస్తారా" అని అడగడానికి మొహమాటపడవద్దు.

(తెరపై: ఒకే మందుకు చెందిన రెండు సీసాల లేబుళ్లు, దగ్గరగా)

ఇక్కడ కాస్త నెమ్మదిగా చూడండి, ఎందుకంటే పెద్ద పొరపాటుకు ఆస్కారం ఉన్నది ఇక్కడే. అమాక్సిసిలిన్, క్లావులానిక్ ఆసిడ్ కలిసిన సిరప్ మన దుకాణాల్లో ప్రధానంగా రెండు బలాల్లో దొరుకుతుంది: 5 మిల్లీలీటర్లలో 228.5 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 457 ఉండేది మరొకటి. పేరు ఒకటే, పెట్టె కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. వైద్యులు 457 సీసాను దృష్టిలో పెట్టుకుని 4 మిల్లీలీటర్లు రాస్తే, దుకాణంలో అది లేదని 228.5 సీసా ఇచ్చినప్పుడు బిడ్డకు సగం మందే అందుతుంది, జబ్బు తగ్గదు. తారుమారైతే రెట్టింపు మందు పడి వాంతులు, విరేచనాలు పట్టుకోవచ్చు. అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ సిరప్‌లూ ఇలాగే ఒకటికి మించిన బలాల్లో వస్తాయి. చీటీ మీది అంకెను, సీసా మీది అంకెను కౌంటరు దగ్గరే పోల్చి చూసుకోండి. తేడా ఉంటే వైద్యులకు ఫోన్ చేసి అడిగే వరకు ఒక్క చుక్క కూడా పట్టవద్దు.

(తెరపై: సీసాపై గుర్తు, నీరు పోస్తున్న చేతులు)

డ్రై సిరప్, అంటే పొడి రూపంలో వచ్చే మందును నీటితో కలపడంలోనూ లెక్క ఉంది. ముందు సీసాను తట్టి, అడుగున గడ్డకట్టిన పొడిని వదులు చేయాలి. పెట్టెలో ఇచ్చిన నీటిని, లేదా కాచి పూర్తిగా చల్లార్చిన నీటిని సీసా మీది గుర్తుకు కొంచెం కిందివరకు పోసి బాగా కుదిపి, నురుగు తగ్గాక సరిగ్గా గుర్తు దాకా నింపాలి. నీరు తక్కువైతే ప్రతి డోసూ ఘాటవుతుంది, ఎక్కువైతే పలచబడుతుంది. అమాక్సిసిలిన్-క్లావులానిక్ ఆసిడ్ సిరప్‌ను కలిపాక ఫ్రిజ్‌లో, గడ్డకట్టే అరలో కాకుండా కింది అరలో ఉంచి, లేబుల్ మీద చెప్పినట్టు సాధారణంగా 7 రోజుల్లో వాడేయాలి, మిగిలినది పారేయాలి. అన్ని సిరప్‌లకూ ఫ్రిజ్ అవసరం లేదు గనుక లేబుల్ చదవండి, కలిపిన తేదీని సీసా మీద రాయండి. మందు అడుగుకు దిగుతుంది కాబట్టి పట్టే ముందు ప్రతిసారీ సీసాను కుదపాలి.

(తెరపై: సూది లేని సిరంజితో మందు పడుతున్న తల్లి)

వంటింటి చెంచాతో కొలవవద్దు. ఏ రెండు చెంచాలూ ఒకే కొలత పట్టవు. సూది లేని సిరంజి అన్నిటికన్నా మేలు. బిడ్డను కూర్చోబెట్టి, సిరంజి కొనను బుగ్గ లోపలి పక్కకు పెట్టి కొద్దికొద్దిగా వదలాలి. ముక్కు మూసి పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పాలసీసా నిండా పాలు పోసి అందులో కలపడమూ సరికాదు, సగం తాగి వదిలేస్తే ఎంత మందు లోపలికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. రోజుకు రెండుసార్లు అంటే సుమారు 12 గంటలకు ఒకసారి. ఒక డోసు మరచిపోతే తరువాతి సమయానికి రెండు కలిపి ఇవ్వకూడదు. మందు పట్టిన వెంటనే వాంతి అయితే మళ్లీ పట్టాలా వద్దా అన్నది వైద్యులనే అడగండి.

(తెరపై: క్యాలెండరు)

ఎన్ని రోజులన్నది జబ్బును బట్టి మారుతుంది. స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చే గొంతునొప్పికి పెన్సిలిన్ లేదా అమాక్సిసిలిన్ సాధారణంగా 10 రోజులు రాస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో మానితే, గుండె కవాటాలను దెబ్బతీసే రుమాటిక్ జ్వరానికి దారి తీయవచ్చు. టైఫాయిడ్‌లో సరైన మందు పడుతున్నా జ్వరం దిగడానికి కొన్ని రోజులు పట్టడం మామూలే కాబట్టి, రెండోనాడే వైద్యులను మార్చి మందు మార్పించుకోవడం నా దృష్టిలో బిడ్డకు అన్యాయమే. అయితే బిడ్డ నీరసించినా, తాగడం మానినా, డొక్కలు ఎగరేస్తున్నా వేచి ఉండకూడదు. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు నిమిషానికి 40 సార్లు గానీ అంతకు మించి గానీ ఊపిరి తీస్తుంటే అది వేగమైన శ్వాసే; మూడు నెలల లోపు పసికందుకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

(తెరపై: దద్దుర్లు వచ్చిన చేయి, తరువాత 108 అంబులెన్సు)

మందు పడ్డాక పెదవులు, ముఖం ఉబ్బినా, ఒళ్లంతా దద్దుర్లతో పాటు ఊపిరాడకపోయినా ఆ మందు ఆపి 108కి ఫోన్ చేయండి. ఒట్టి దద్దుర్లు మాత్రమే వస్తే అది జబ్బు వల్ల కూడా కావచ్చు. తరువాతి డోసు ఇచ్చే ముందు వైద్యులకు చూపించండి. అది అలర్జీయేనని వైద్యులు తేల్చితే, బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరును పిల్లల టీకాల కార్డు మీద రాయించి, ప్రతి కొత్త వైద్యునికీ మందు రాసే ముందే చూపించండి.