మాటిమాటికీ మూత్రానికి డాక్టర్ రాసిన గోలీ: ఎలా వేసుకోవాలి, వేటితో కలవకూడదు

నమస్కారమండీ. ఇవాళ బల్ల మీద మూడు వస్తువులు పెట్టాం. డాక్టర్ రాసిన చీటీ, మెడికల్ షాపు నుంచి తెచ్చిన గోలీల స్ట్రిప్పు, ఇంట్లో అందరి మందులూ కలిపి పెట్టుకునే డబ్బా. ఎక్కువసేపు ఈ డబ్బా గురించే మాట్లాడతాం. ఎందుకంటే ఈ గోలీతో వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు, డబ్బాలో ముందే ఉన్న ఇంకో మందు దానికి తోడైనప్పుడు వస్తాయి.

ఉన్నట్టుండి మూత్రం తన్నుకొస్తుంది, బాత్రూమ్‌ చేరేలోపే కాస్త పడిపోతుంది, రాత్రి రెండు మూడుసార్లు లేవాల్సి వస్తుంది. దీన్నే డాక్టర్లు ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అంటారు. మూత్రసంచి నిండకముందే దాని కండరం బిగుసుకోవడం వల్ల ఇలా అవుతుంది. గోలీ ఆ కండరాన్ని కొంచెం వదులు చేస్తుంది, అంతే. ఇన్‌ఫెక్షన్‌ను గానీ షుగర్‌ను గానీ తగ్గించదు. అందుకే మొదటి గోలీ వేసుకునే ముందే యూరిన్ టెస్టు, షుగర్ టెస్టు అయిపోవాలి. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దాయనైతే, మూత్రం పోసి వచ్చాక సంచిలో ఎంత మిగిలిపోతోందో స్కానింగ్‌లో చూపించుకోవాలి. దారి అడ్డుపడినవాళ్లకు కండరం కూడా వదులైతే మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు.

ఇప్పుడు స్ట్రిప్పు. కెమెరా దగ్గరికి తెస్తున్నాం, చూడండి. పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. దాన్ని వదిలేయండి. కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. సోలిఫెనసిన్, టోల్టెరోడిన్, డారిఫెనసిన్, ఆక్సీబ్యుటినిన్, ట్రోస్పియం అని ఉంటే అది ఒక రకం. మిరాబెగ్రాన్ అని ఉంటే రెండో రకం. రెంటి జాగ్రత్తలు వేరు. పేరు పక్కన ఎంజీ చూడండి: సోలిఫెనసిన్ 5, 10లో దొరుకుతుంది, మిరాబెగ్రాన్ 25, 50లో. చీటీలో ఉన్నదీ చేతిలో ఉన్నదీ ఒకటేనా? తేడా ఉంటే షాపులోనే ఆగి అడగండి.

మన దగ్గర షాపువాళ్లు కత్తెరతో స్ట్రిప్పు కోసి అయిదు గోలీలు ఇవ్వడం మామూలే. ఆ ముక్క మీద ఎక్స్‌పైరీ తేదీ ఉండదు, పేరు కూడా సగమే ఉంటుంది. తేదీ అచ్చయిన చివర మీకే ఇమ్మనండి. లేదా బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ వేసి బిల్లు అడగండి, ఆ బిల్లును ముక్కతోపాటే రబ్బరు బ్యాండు వేసి ఉంచండి.

సరే, డబ్బా తెరుద్దాం. స్ట్రిప్పులన్నీ బల్ల మీద పరవండి. మొదటి రకం గోలీ వాడేవాళ్లు ముందుగా జలుబు గోలీ వెనక్కి తిప్పండి. క్లోర్‌ఫెనిరమిన్ ఉందా? కడుపునొప్పి గోలీలో డైసైక్లోమిన్ ఉందా? నిద్ర కోసమో నరాల నొప్పికో ఇచ్చిన అమిట్రిప్టిలిన్ ఉందా? ఇవన్నీ నోరు ఎండగొట్టే మందులే, పేగు కదలికను నెమ్మదింపజేసేవే. ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ గోలీ కూడా అదే పని చేస్తుంది. రెండు మూడు తోడైతే మలబద్ధకం ముదురుతుంది, చూపు మసకబారుతుంది. డెబ్బై దాటిన పెద్దవాళ్లలో తికమక మొదలవుతుంది. నిన్నటిదాకా బాగున్న అమ్మమ్మ ఉన్నట్టుండి ఇంట్లోవాళ్లను పోల్చుకోలేకపోతే, వయసు మీద పడిందని సరిపెట్టుకోకండి. ఆ వారంలో ఏ కొత్త గోలీ మొదలైందో చూసి డాక్టర్‌కు ఫోన్ చేయండి. మతిమరుపుకు డోనెపెజిల్ వాడుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పాలి, రెండు మందులూ ఒకదానికొకటి ఎదురు పనిచేస్తాయి. కంటి డాక్టర్ గ్లకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) అని చెప్పి ఉంటే, ఏ రకం గ్లకోమానో కనుక్కోకుండా మొదలుపెట్టొద్దు.

మిరాబెగ్రాన్‌కు నోరు ఎండే బాధ తక్కువ. దానితో చూసుకోవాల్సింది బీపీ. కొందరిలో బీపీ పెంచుతుంది. పై అంకె 180 గానీ కింది అంకె 110 గానీ తాకుతూ, మందులకు లొంగని బీపీ ఉన్నవాళ్లు ఈ గోలీ వాడకూడదు. మిగతావాళ్లు మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టాక మొదటి నెలలో వారానికోసారి బీపీ చూపించుకుని కాగితం మీద రాసుకోండి. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో చూపించుకోవచ్చు. గుండెకు మెటోప్రొలాల్ వాడేవాళ్లూ జాగ్రత్త: మిరాబెగ్రాన్ వల్ల రక్తంలో ఆ మందు స్థాయి పెరుగుతుంది, నాడి నెమ్మదించవచ్చు. డిగాక్సిన్ ఉన్నా చెప్పాలి. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు మిరాబెగ్రాన్ 25 ఎంజీ, సోలిఫెనసిన్ 5 ఎంజీ దాటించరు. మీ క్రియాటినిన్ రిపోర్టు డాక్టర్ ముందు పెట్టండి.

డబ్బాలో ఇంకోటి చూడాలి. షుగర్‌కు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి, బీపీకి నీరు లాగే గోలీ ఉన్నాయా? మాటిమాటికీ మూత్రం రావడానికి అసలు కారణం అవే కావచ్చు. నీరు లాగే గోలీ సాయంత్రం వేసుకుంటుంటే, పొద్దుటికి మార్చవచ్చేమో అడగండి. దాంతోనే రాత్రి లేవడం తగ్గితే కొత్త గోలీ అక్కర్లేకపోవచ్చు. సొంతంగా మాత్రం ఏదీ ఆపొద్దు.

వేసుకునే పద్ధతి తేలికే. ఎక్కువ రకాలు రోజుకు ఒక్కటే. పేరు చివర ఈఆర్, ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్ లాంటి అక్షరాలుంటే మందు రోజంతా కొద్దికొద్దిగా విడుదలయ్యేలా చేసిందని అర్థం. మిరాబెగ్రాన్ అలాంటిదే. విరగ్గొట్టినా, నూరి మజ్జిగలో కలిపినా రోజంతా రావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. మింగలేని పెద్దవాళ్లుంటే వేరే మందు రాయమని అడగాలి గానీ ఇంట్లో నూరకూడదు. మిరాబెగ్రాన్ మరిచిపోతే, గుర్తొచ్చేసరికి 12 గంటలు దాటకపోతే వేసుకోండి, దాటితే వదిలేసి మర్నాటిది మామూలు వేళకు వేసుకోండి. ఏ గోలీ అయినా రెండూ కలిపి ఒకేసారి వేసుకోవద్దు. రంజాన్ ఉపవాసముండేవాళ్లు రోజుకొక్కటి గోలీని ఇఫ్తార్ వేళకు జరపవచ్చా అని నెల మొదలయ్యే ముందే అడిగి పెట్టుకోండి.

నోరు ఎండిందని లీటర్లకు లీటర్లు తాగితే మళ్లీ బాత్రూమ్‌కే పరుగు. ఒక్కో గుక్కే తాగండి, చక్కెర లేని చూయింగ్ గమ్ నమలండి. అలాగని నీళ్లు మానేయొద్దు, మూత్రం చిక్కబడి మంట పెడుతుంది, మలబద్ధకమూ పెరుగుతుంది. గుండె, కిడ్నీ జబ్బులు లేనివాళ్లు రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ తాగండి. పడుకోబోయే రెండు మూడు గంటల ముందు తగ్గించండి. ఇరానీ చాయ్ రోజుకు నాలుగు కప్పులైతే రెండుకు దించండి, కెఫీన్ సంచిని రెచ్చగొడుతుంది. మూడు రోజులు విరేచనం కాకపోతే ఊరుకోవద్దు. నిండిన పేగు మూత్రసంచిని నొక్కితే, గోలీ వేసుకుంటున్నా అర్జెంటు తగ్గదు.

మే నెల ఎండ సంగతి విడిగా చెప్పాలి. మొదటి రకం గోలీలు చెమటను తగ్గిస్తాయి. చెమట పట్టకపోతే ఒంట్లో వేడి బయటికి పోదు. మిట్టమధ్యాహ్నం బండి మీద తిరిగేవాళ్లు, రేకుల షెడ్డుల్లో పనిచేసేవాళ్లు ఈ మాట డాక్టర్‌కు చెప్పి మందు రాయించుకోండి. గోలీలను కూడా స్కూటర్ డిక్కీలో, కారు డాష్‌బోర్డులో పెట్టొద్దు. ఎక్కువ స్ట్రిప్పుల మీద 30 డిగ్రీలు దాటనీయొద్దనే ఉంటుంది. మొదటి వారం చూపు మసక, మత్తు ఏ మేరకు వస్తాయో తెలిసేదాకా బండి నడపొద్దు.

నాలుగు రోజుల్లో గుణం కనిపించలేదని మానేయకండి. కనీసం నాలుగు వారాలు పడుతుంది, మిరాబెగ్రాన్ 25 ఎంజీకి ఎనిమిది వారాలు కూడా పట్టవచ్చు. మొదలుపెట్టే ముందు మూడు రోజులు, నాలుగో వారంలో మూడు రోజులు ఇలా గీతలు గీసి రాయండి: ఎన్ని గంటలకు వెళ్లారు, కొలత గిన్నెలో ఎన్ని ఎంఎల్ వచ్చింది, దారిలో పడిందా లేదా. డాక్టర్ డోసు పెంచాలా, మందు మార్చాలా అన్నది ఈ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

పెదాలు, నాలుక, ముఖం ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా గోలీ ఆపేసి వెంటనే 108కి ఫోన్ చేయండి. పొత్తికడుపు ఉబ్బి, నొప్పి ఉండి మూత్రం చుక్క కూడా రాకపోతే, కన్ను ఎర్రబడి నొప్పితో పాటు లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే, తెల్లారేదాకా ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ మందుల డబ్బా మొత్తం సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.