గుహలో రెండో మనిషి

శ్రోతలకు నమస్కారం.

మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్నాడు. దసరా సెలవులకు వచ్చినప్పుడు, ఆకాశం నుంచి నిలువునా దిగి నేల మీద నిలబడే రాకెట్ వీడియో ఒకటి చూపించాడు. "బాబాయ్, ఇదంతా ఎలాన్ మస్క్ ఒక్కడే చేశాడు, అచ్చం ఐరన్ మ్యాన్‌లాగా!" అన్నాడు. వాడి ఉత్సాహం చూసి ముచ్చటేసింది. కానీ ఆ 'ఒక్కడే' అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోయింది.

ఆ పోలిక వాడు కనిపెట్టింది కాదు. 2010లో వచ్చిన 'ఐరన్ మ్యాన్ 2'లో మస్క్ మస్క్‌గానే కాసేపు కనిపిస్తారు. కాలిఫోర్నియాలోని ఆయన రాకెట్ ఫ్యాక్టరీలో కొన్ని సీన్లు తీశారు. తెర మీద ఐరన్ మ్యాన్‌గా మారే హీరో టోనీ స్టార్క్‌కు మస్క్ కూడా ఒక స్ఫూర్తి అని డైరెక్టర్ జాన్ ఫావ్రో స్వయంగా రాశారు. 2018 ఫిబ్రవరిలో మస్క్ తన ఎర్ర కారులో స్పేస్ సూట్ తొడిగిన బొమ్మను కూర్చోబెట్టి అంతరిక్షంలోకి పంపారు. ఇక సినిమా ఏదో, మనిషి ఎవరో వేరు చేసి చూడటం కష్టమైపోయింది.

2008 నాటి మొదటి సినిమా గుర్తుందా? టోనీ గుహలో బందీగా ఉండి ఇనుప కవచం తయారు చేస్తాడు. పక్కనే యిన్సెన్ అనే ఇంకో బందీ ఉంటాడు. టోనీ ప్రాణం నిలబెట్టింది అతను. కవచం పనిలో చెయ్యి వేసిందీ, టోనీ బయటపడటానికి ప్రాణమిచ్చిందీ అతనే. మావాణ్ణి అడిగితే ఆ పేరే గుర్తు రాలేదు. రెండు గంటల సినిమాకు ఒక్క ముఖం చాలు మరి.

అదే 2008లో నిజంగా జరిగింది చూడండి. మస్క్ రాకెట్ కంపెనీ స్పేస్‌ఎక్స్ ప్రయోగించిన మొదటి మూడు రాకెట్లూ విఫలమయ్యాయి. సెప్టెంబర్ 28న పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవి నుంచి నాలుగోది కక్ష్యలోకి చేరింది. చేతిలో డబ్బు దాదాపు అయిపోయింది. డిసెంబర్‌లో నాసా 12 సార్లు సరుకు చేరవేసే పని, 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. అది అమెరికా ప్రజలు కట్టిన పన్నుల డబ్బు. ఆ రాకెట్ ఇంజన్ తయారీని నడిపించిన ఇంజనీరు టామ్ ముల్లర్. ఆయన వెనక వెల్డర్లు, ఫిట్టర్లు, నిద్ర మానుకుని పరీక్షలు చేసిన కుర్రాళ్లు ఎందరో. మస్క్ సొంత డబ్బు పణంగా పెట్టారు, ఆ తెగింపు చిన్నదేమీ కాదు. కానీ హీరో ముద్ర ఒకసారి పడ్డాక, కార్మికుల గురించీ ప్రజల సొమ్ము గురించీ ఎవరైనా అడిగితే వాళ్లే విలన్లయిపోతున్నారు. నా బాధంతా అదే.

తెర మీది కథతో నిజం కలిసిపోవడం మస్క్ ఒక్కరి దగ్గరే కాదు. రాకెట్ కంపెనీ పెట్టిన అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ చిన్నప్పటి నుంచీ 'స్టార్ ట్రెక్' అనే అంతరిక్ష టీవీ సీరియల్ అభిమాని. అందులో కెప్టెన్‌గా వేసిన విలియం షాట్నర్‌ను 2021 అక్టోబర్‌లో, 90 ఏళ్ల వయసులో, తన రాకెట్‌లో పైకి పంపారు. దిగగానే పెద్దాయన గొంతు పూడుకుపోతోంది, ఏదో చెప్పబోయారు. ఆ మాట మధ్యలోనే బెజోస్ షాంపేన్ సీసా అందుకుని చిమ్మారు. అంతరిక్షపు చీకట్లో తనకు మృత్యువే కనిపించిందనీ, మన భూమి గురించి దుఃఖం ముంచుకొచ్చిందనీ షాట్నర్ తర్వాత రాసుకున్నారు.

నిన్న రాత్రి మావాడు ఫోన్ చేశాడు. "బాబాయ్, ఆ గుహ సీన్ మళ్లీ చూశాను. కవచం తొడిగి బిగించింది కూడా అతనే కదా" అన్నాడు.